మారు కాలమున నిలుకడ: యూదుల అనుభవము

కాలము మారుట కొత్త విషయము కాదు. అయితే కొన్ని కాలములందు మార్పు ఏటినీటివలె నెమ్మదిగా సాగును. కొన్ని కాలములందు గట్టు తెగిన చెరువువలె మీద పడును. అట్టి వేళ మానవుడు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: దేనిని పట్టుకొని నిలువవలెను? పుట్టిన ఊరు విడిచినవాడు, తాతలనాటి వృత్తి మానినవాడు, బిడ్డలు తన భాషను మఱచుట చూచి తెల్లబోయినవాడు, ఆప్తుని పోగొట్టుకొన్నవాడు, వీరందఱును తమ తమ రీతిని ఈ ప్రశ్ననే అడుగుచుందురు. మారనిదానిని పట్టుకొనుమని లోకము సామాన్యముగా సమాధానము చెప్పును. మాట బాగుగనే యున్నది. కాని మారదని నమ్మి పట్టుకొన్నదే చేతిలో విఱిగిపోయినచో ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు ఒక జాతి తన చరిత్ర యంతటితోను సమాధానము వెదకుకొనవలసి వచ్చెను. ఆ జాతి యూదులది. నేడు ప్రపంచమంతటను కలిపి వారి సంఖ్య సుమారు ఒకటిన్నర కోటి. వారికి దేశముండెను, పోయెను, రాజ్యముండెను, పోయెను, దైవసన్నిధికి ఏకైక స్థానమని నమ్మిన ఆలయము ఒకసారి కాదు, రెండుసార్లు నేలమట్టమయ్యెను. వారితోపాటు బ్రతికిన ప్రాచీన జాతులు పెక్కులు ఓడిపోయిన కొన్ని తరములకే పేరు కోల్పోయినవి. యూదులు పేరు నిలుపుకొనిరి. వారికి కాలూనుటకు చోటిచ్చినది ఏది? దీనిని విచారించినచో నిలుకడ యను మాటకే మఱియొక అర్థము గోచరించును.

తోటలు నాటుమన్న జాబు

క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసి, అచటి రాజును, ప్రధానులను, శిల్పులను, కమ్మరులను చెఱపట్టి తన దేశమునకు కొనిపోయెను. ఆలయ మింకను నిలిచియే యుండెను. ఇది కొన్నాళ్ల కష్టమే, త్వరలో అంతయు యథాస్థితికి వచ్చునని జనులు ఆశపడిరి. హనన్యా యను ప్రవక్త రెండేండ్లలో చెఱ ముగియునని దేవుని పేర ప్రకటించెను. బాధలోనున్నవారికి అంతకంటె తీయని మాట యేముండును?

యిర్మీయా యను మఱియొక ప్రవక్త దానిని ఖండించెను. చెఱలోనున్నవారికి అతడు వ్రాసి పంపిన జాబు యూదుల ధర్మగ్రంథమున చేరియున్నది. వారు తిరిగి వచ్చుటకు డెబ్బది యేండ్లు పట్టుననియు, కావున ఇండ్లు కట్టుకొని కాపురముండవలెననియు, తోటలు నాటి వాని పండ్లు తినవలెననియు, కొడుకులకు కూతుండ్రకు పెండ్లిండ్లు చేయవలెననియు, తమ్ము బందీలుగా ఉంచిన ఆ పట్టణపు క్షేమమునే కోరి దానికొఱకు ప్రార్థింపవలెననియు అందలి సారాంశము.

ఈ జాబున రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, అతడు కష్టకాలపు కొలతను తగ్గించి చెప్పలేదు. రెండేండ్లని నమ్మినవాడు మూట విప్పడు, విత్తు నాటడు, బిడ్డ పెండ్లి తలపెట్టడు. రేపే పోవుదునని గుమ్మములో కూర్చుండును. డెబ్బది యేండ్లని తెలిసినవాడు ఏడ్చినను లేచి నేల త్రవ్వును. దయగా తోచు అబద్ధము మనుజుని ఎక్కడను నిలువనీయదు. కఠినమైన నిజము అతనికి ఒక చోటు చూపును. రెండవది, శత్రుపట్టణపు క్షేమమును కోరుమనుట. తాను నివసించు నేలతో నిత్యము పగ పూనినవాడు ఆ నేలపై నెమ్మదిగా నిలువజాలడు. ఇది పగవానికి లొంగుట కాదు. తన బ్రతుకు ఎక్కడ సాగుచున్నదో అక్కడి మేలులో తానును పాలుపంచుకొనుట.

క్రీ.పూ. 586లో యెరూషలేము ఆలయము దగ్ధమయ్యెను. రెండేండ్ల మాట నమ్మినవారికి ఏమియు మిగులలేదు. తోటలు నాటినవారికి తోటలున్నవి. సుమారు అర్ధశతాబ్దము పిమ్మట పారసీక చక్రవర్తి కోరెషు తిరిగి పోవుటకు అనుమతింపగా కొందఱు మరలి పోయి ఆలయమును మరల కట్టిరి. ఎందఱో బబులోనులోనే యుండిపోయిరి. వెయ్యేండ్లకు పైగా గడచిన తరువాత యూదుల విద్యకు మూలస్తంభమైన బబులోను తాల్ముదు రూపొందినది ఆ దేశముననే.

చిన్న కోరిక

రెండవ ఆలయమును క్రీ.శ. 70లో రోమను సేనాని తీతు నాశనము చేసెను. ఆ ముట్టడి కాలమునకు సంబంధించిన కథ యొకటి తాల్ముదున కలదు. నగరములో పోరాటవాదులు ఎవ్వరిని వెలుపలికి పోనీయకుండిరి. రబ్బీ యోహానాన్ బెన్ జక్కయి యను వృద్ధగురువు చనిపోయెనని చెప్పి శిష్యులు అతనిని శవమువలె మోసికొని కోట దాటించిరట. అతడు రోమను సేనాపతియైన వెస్పాసియనును దర్శించి, నీవు చక్రవర్తివి కాగలవని పలికెనట. ఆ మాట నిజమై, మెచ్చిన సేనాపతి ఏమి కావలెనో కోరుకొమ్మనగా, యవ్నె యను చిన్న ఊరిని, అందలి పండితులను తనకు విడువుమని యోహానాను కోరెను. గురువంశమొకటి నిలుచునట్లు చూడుమని, ఉపవాసములచే కృశించిన ఒక పెద్దకు వైద్యుని ఇమ్మని కూడ అడిగెను. నగరమును గాని ఆలయమును గాని అడుగలేదు.

చరిత్రకారులు ఈ కథలోని వివరములన్నిటిని అక్షరసత్యములుగా గ్రహింపరు. కాని ఆలయము పోయిన పిమ్మట యవ్నెలో విద్యాపీఠము వెలసి, యూదధర్మమును నిలిపిన మాట వాస్తవము. ఇక్కడ ధర్మప్రశ్న ఒకటి ఎదురగును. యోహానాను చేసినది సరియైనదేనా? ఈ సందేహము పరాయివారు లేవదీసినది కాదు. ఆలయమునే విడిచిపెట్టుమని అడుగవలసి యుండెనని తరువాతి గురువులు అతనిని తప్పుపట్టిరి. అంత పెద్ద కోరిక కోరినచో కొంచెము కూడ దక్కదని అతడు భయపడెనేమో యని అచ్చటనే సమాధానమును చెప్పిరి. తాల్ముదు ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన ఉంచెను, ఒకదానిని చెఱిపివేయలేదు.

అతని అంత్యకాలమును గూర్చియు ఒక కథ కలదు. చూడవచ్చిన శిష్యులను కాంచి అతడు కన్నీరు పెట్టుకొనెను. తన యెదుట రెండు దారులున్నవనియు, తన్ను ఏ దారిని కొనిపోవుదురో యెఱుగననియు చెప్పెను. ఆ కన్నీటికి కారణము యవ్నె నిర్ణయమే యని గ్రంథము పలుకదు; చదివినవారు పలువురు ఆ రెంటిని కలిపి తలచిరి. మారు కాలమున నిర్ణయము చేయవలసినవాని స్థితి ఇదియే. మంచిచెడుల నడుమ ఎన్నుకొనుట సులభము. రెండు మంచివస్తువులలో ఒకటియే దక్కునప్పుడు ఏది కోరవలెనన్నదే కష్టము. నిశ్చయజ్ఞానము కలిగిన తరువాతనే నిర్ణయింతునని కూర్చున్నవానికి రెండును దక్కవు.

యోహానాను కోరినది చిన్నదే కాని ప్రాణమున్న విత్తనము. పర్ణశాలల పండుగనాడు చేతబట్టు ఖర్జూరపు మట్టల విధి ఆలయములో ఏడు దినములు, వెలుపల ఒక దినము మాత్రమే జరుగుచుండెను. ఆలయము పోగా, దాని స్మృతిగా అన్ని చోట్లను ఏడు దినములు జరుపవలెనని అతడు ఏర్పాటు చేసెను. ఒకనాడు శిథిలములను చూచి, పాపములకు ప్రాయశ్చిత్తమైన చోటు పోయెనే యని శిష్యుడు దుఃఖింపగా, సాటివారియెడల చూపు దయ దానికి సమానమైన ప్రాయశ్చిత్తమని ఓదార్చెనని మఱియొక గ్రంథము తెలుపుచున్నది. తరువాతి గురువులు ఇంకను ముందుకు పోయి, బీదవానికి అన్నము పెట్టు గృహస్థుని భోజనపు బల్లయే ఇప్పుడు బలిపీఠమనిరి. బలుల స్థానమున ప్రార్థన నిలిచెను. ఒక కొండమీద నుండిన ఆలయము ఇంటింటికి నడచి వచ్చెను.

వెల్ల వేయని చోటు

పోయినదానిని గూర్చి ఎంత దుఃఖింపవలెను? ఆలయము కూలిన తరువాత పలువురు విరక్తులై మాంసమును ద్రాక్షారసమును మానివేసిరి. రబ్బీ యెహోషువ వారి వద్దకు పోయి కారణమడిగెను. బలిపీఠముపై అర్పింపబడుచుండిన మాంసమును, ద్రాక్షారసమును ఇప్పుడు తామెట్లు తిని త్రాగుదుమని వారు బదులిడిరి. అట్లయినచో రొట్టెయు మానవలెను, ధాన్యార్పణము కూడ ఆగిపోయినది గదా యని అతడనెను. పండ్లు తిని బ్రతుకుదుమని వారనగా, ప్రథమఫలముల అర్పణమును నిలిచిపోయినదనెను. నీటిని ధారవోయుటయు నిలిచిపోయినది, ఇక నీరెట్లు త్రాగుదురని యడుగగా వారు మాటలేక యూరకుండిరి.

అప్పుడతడు ఎగతాళి చేయలేదు. అసలు దుఃఖింపకుండుట కాని పని యనియు, మితిమీఱి దుఃఖించుటయు కాని పని యే యనియు నెమ్మదిగా చెప్పెను. పెద్దలు చూపిన మార్గమిది: ఇంటికి గచ్చు చేయవచ్చును, ఒక చిన్నచోటు మాత్రము పూయక విడువవలెను. విందునకు కావలసిన వంటలన్నియు చేయవచ్చును, ఒకటి తగ్గింపవలెను. నేటికిని యూదుల పెండ్లిలో వరుడు గాజుపాత్రను కాలితో పగులగొట్టును. ఆ ఆచారమును యెరూషలేము నాశనమునకు గుర్తుగా వారు తలతురు. పాత్ర పగిలిన మఱుక్షణమే పాటలు, శుభాకాంక్షలు ఆరంభమగును.

ఇందలి వివేకము సామాన్యమైనది కాదు. నష్టమును మఱచుటయే నిలుకడ యని కొందఱు తలతురు. వారి యిల్లు పైకి నున్నగా నుండును, ఏనాడో గోడలోపలి చెమ్మ బయటపడును. నష్టమునే ఇల్లుగా చేసికొని బ్రతుకువారు మఱికొందఱు. వారికి గోడలే ఉండవు. ఇల్లు పూర్తిగా కట్టి, ఒక మూలను మాత్రము బోడిగా విడిచినవాడు పోయినదానికి చోటు చూపెను, ఉన్నదానికి నీడ యిచ్చెను. దుఃఖమునకు హద్దు గీచుట దానిని అవమానించుట కాదు, దానిని తరతరములు నిలుపుట.

కాలములో కట్టిన ఇల్లు

దేశము పోయినవానికి ఎవడును లాగికొనజాలని చోటు ఏది? యూదులు చూపినది స్థలము కాదు, కాలము. శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందు దీపములు వెలిగింతురు. శనివారము రాత్రి నక్షత్రములు కనబడువఱకు పనులు మానుదురు. అదియే సబ్బాతు, విశ్రాంతిదినము. ఆనాడు చేయరాని పనులను గురువులు 39 విధములుగా ఏర్పఱచిరి. విత్తుట, కోయుట, నేయుట, వ్రాయుట, కట్టుట, నిప్పు రగుల్చుట మున్నగునవి అందున్నవి. ఎడారిలో దైవసన్నిధికై గుడారము నిర్మించుటకు అవసరమైన పనులే ఇవి యని వారి వివరణము. చోటును పవిత్రము చేయు పని ఆగినచోట కాలమును పవిత్రము చేయుట ఆరంభమగునన్నమాట. 1907లో వార్సాలో జన్మించి, 1940లో అమెరికా చేరి, తల్లిని సోదరీమణులను నాజీల హింసలో కోల్పోయిన అబ్రహాము జాషువ హెషెల్ 1951లో సబ్బాతును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. యూదులు తమ మహాలయమును రాతితో కాక కాలముతో కట్టుకొనిరన్నదే అందలి ముఖ్యభావము.

దీనికి దూరదేశముల సాక్ష్యము వెదకనక్కఱలేదు. మహారాష్ట్రమున కొంకణ తీరపు పల్లెలలో బెనె ఇజ్రాయేలు అను యూదులు శతాబ్దములుగా నివసించిరి. వారి వృత్తి గానుగ ఆడించి నూనె తీయుట. వారి భాష మరాఠీ. ఇతర యూదులతో సంబంధము తెగి, గ్రంథములు పోయి, హీబ్రూ భాషయు దాదాపు మఱచిరి. కాని శనివారమునాడు గానుగ కట్టరైరి. ఇరుగుపొరుగువారు వారిని శనివార్ తేలీలు, అనగా శనివారపు తెలికలవారని పిలిచిరి. శాస్త్రము మఱచినవారిని ఒక ఆచారము శాస్త్రము తెలిసినవారి వద్దకు మరల చేర్చెను. 1796లో బొంబాయిలో వారు తమ మొదటి ప్రార్థనామందిరమును కట్టుకొనిరి. 1948 తరువాత వారిలో పెక్కుమంది ఇజ్రాయేలునకు వలసపోయిరి. తెలుగునాట గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెమున కొన్ని కుటుంబములు 1980ల నుండి బెనె ఎఫ్రాయిము పేర విశ్రాంతిదినమును పాటించుచు హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొనుచున్నవి.

అయితే స్థిరమైన ఆచారము మానవుని కదలకుండ చేయునా? యూదుల సంప్రదాయమున దీనికి విరుగుడు కలదు. పంట ఇంటికి చేరి మనస్సు నిండిన వేళ పర్ణశాలల పండుగ వచ్చును. అప్పుడు ఏడు దినములు గట్టి ఇల్లు విడిచి, కొమ్మల కప్పుగల పాకలో భోజనము చేయుదురు. రాత్రివేళ ఆ కప్పుసందులనుండి నక్షత్రములు కనబడుట మంచిదందురు. ఎడారిలో తిరిగిన పూర్వులను తలపించు ఈ పండుగకు ఆనందకాలమని పేరు. ఇల్లు శాశ్వతమను భ్రమను ఏటేట వారమురోజులు సంతోషముతో విడుచుటయే ఇందలి సాధన. అభ్యాసమున్నవానికి నిజముగా ఇల్లు విడువవలసిన దినము పూర్తిగా కొత్తది కాదు.

ధర్మశాసనపు పలకలను ఉంచిన మందసమును గూర్చిన నియమమొకటి ఇంకను విశేషమైనది. దానిని మోయుటకు తుమ్మకఱ్ఱతో చేసి బంగారము పొదిగిన మోతకఱ్ఱలుండెను. వానిని ఉంగరములనుండి ఎన్నడును తీయరాదని విధి. సొలొమోను రాజు కట్టించిన ఆలయములో మందసమును స్థిరముగా ఉంచిన తరువాతను ఆ కఱ్ఱల కొనలు కనబడుచుండెనని గ్రంథము చెప్పుచున్నది. ఇక కదలనక్కఱలేదని అందఱు తలచిన దినమునను అది కదలుటకు సిద్ధముగనే యుండెను.

తోడు లేని జ్ఞానము

ఇంతవఱకు చెప్పినది ఒంటరిగా సాధింపదగినది కాదు. తాల్ముదున హోనీ యను మహనీయుని కథ యున్నది. ఒకడు కరోబు చెట్టు నాటుచుండగా హోనీ చూచి, ఇది యెన్నేండ్లకు కాయునని యడిగెను. డెబ్బది యేండ్లకని అతడు చెప్పెను. అప్పటికి నీవుందువా యని యడుగగా, తాను పుట్టునాటికి తాతలు నాటిన చెట్లుండెననియు, తానును తన సంతతికొఱకు నాటుచున్నాననియు బదులిచ్చెను. పిమ్మట హోనీకి నిద్రవచ్చి డెబ్బది యేండ్లు నిద్రించెను. మేల్కొని చూడగా, ఆ చెట్టు పండ్లను నాటినవాని మనుమడు ఏరుకొనుచుండెను.

కథ అంతటితో ముగిసినచో తీయగా నుండెడిది. హోనీ తన యింటికి పోగా, నేను హోనీనన్నను ఎవ్వరును నమ్మలేదు. విద్యాపీఠమునకు పోగా, హోనీ కాలమున వలె నేడు విషయము తేటపడినదని పండితులు అనుకొనుచుండిరి. ఆ హోనీని నేనే యనగా అక్కడను నమ్మలేదు, తగిన గౌరవమును ఈయలేదు. అతడు మనస్సు విఱిగి మరణము కోరుకొని మరణించెను. స్నేహమైనను కావలెను, లేదా మరణమైనను కావలెనను లోకోక్తికి ఈ కథ మూలమని గురువులనిరి. అతని జ్ఞానము నిలిచియుండెను, కీర్తియు నిలిచియుండెను. అతనిని పేరుపెట్టి పిలుచువాడొకడు లేడు. మారిన లోకమున వృద్ధులు అనుభవించు వెలితి యిదియే. వారి మాటలను మెచ్చుకొనుట సులభము, వారి ప్రక్కన కూర్చుండుట కష్టము.

అందుచేతనే యూదుల శోకవిధులు తోడును ధర్మముగా విధించినవి. ఆప్తుడు పోయినవారు ఏడు దినములు ఇంట తక్కువ ఎత్తు పీటలపై కూర్చుందురు. అంత్యక్రియల తరువాతి మొదటి భోజనము వారి సొంత వంట కారాదు, ఇరుగుపొరుగువారు తేవలెను. చూడవచ్చినవారు దుఃఖితుడు ముందుగా నోరు విప్పువఱకు మౌనముగా నుండవలెను. తల్లిదండ్రులు పోయినచో బిడ్డలు పదునొకండు మాసములు కద్దీష్ అను ప్రార్థన చెప్పుదురు. అందు మరణమను మాటయే లేదు, దైవస్తుతి మాత్రమే కలదు. దానిని ఒంటరిగా చెప్పరాదు, పదిమంది కూడవలెను. పాతపద్ధతిని పాటించువారు పురుషులనే లెక్కింతురు. నేడు పెక్కు సమాజములు స్త్రీలను కూడ లెక్కించుచున్నవి. దుఃఖించువానికి పదిమంది అవసరము, ఆ పదిమందికి రావలసిన బాధ్యత.

విద్యయందును ఇట్టి తోడే కలదు. 1923లో వియన్నాలో జరిగిన మహాసభలో పోలెండు దేశపు రబ్బీ మెయిర్ షపీరో ఒక ప్రతిపాదన చేసెను: ప్రపంచమునందలి యూదులందఱును తాల్ముదునుండి దినమునకొక పత్రము చొప్పున, ఒకే దినమున ఒకే పత్రము చదువవలెను. మొత్తము 2,711 పత్రములు. ఒక ఆవృత్తికి సుమారు ఏడున్నరేండ్లు పట్టును. బాటసారి ఏ దేశములో దిగినను, నిన్న తాను విడిచినచోటనుండియే అక్కడివారు చదువుచుందురు. షపీరో 1933లో మరణించెను. అతని నాటి పోలెండు యూదసమాజమును నాజీలు దాదాపు నిర్మూలించిరి; ఐరోపా యంతటను సుమారు 60 లక్షల యూదులు హతులైరి. అయినను ఆ పఠనము ఆగలేదు. 2020 జనవరిలో 14వ ఆవృత్తి ఆరంభమయ్యెను. కొన్ని వారములకే కరోనా మహమ్మారి విద్యాపీఠముల తలుపులు మూయించెను. చదువరులు ఇండ్లనుండి ఫోనులలోను కంప్యూటర్లలోను కలిసికొని నాటి పత్రమును నాడే చదివిరి.

స్వేచ్ఛ తెచ్చిన పరీక్ష

కష్టము తెచ్చు మార్పుకంటె సుఖము తెచ్చు మార్పు లోతైన పరీక్ష. 1791లో ఫ్రాన్సు యూదులకు పౌరసత్వమునిచ్చెను. క్రమముగా ఇతర దేశములును ఆ దారి త్రొక్కెను. ఇప్పుడు కత్తి లేదు, కోట లేదు. తలుపు తెఱచి రమ్మని పిలుచు లోకమున్నది. బెర్లినునందలి తత్త్వవేత్త మోసెస్ మెండెల్సొన్ యూదాచారమును పాటించుచునే ఆధునిక విద్యలో అగ్రగణ్యుడయ్యెను. 1786లో అతడు మరణించిన తరువాత, జీవించియున్న అతని ఆర్గురు సంతానములో నలుగురు క్రైస్తవమును స్వీకరించిరి. తండ్రి రెండు చేతులతో పట్టుకొన్నదానిని బిడ్డలు ఒక చేత విడిచిరి. వారిని నిందించుట సులభము. కాని తండ్రికి అనుభవమైనది బిడ్డలకు వార్తగా మాత్రమే అందినదా యను ప్రశ్న ప్రతి కుటుంబమును వేసికొనదగినది.

అదే జర్మనీలో 1886లో పుట్టిన ఫ్రాన్స్ రోజెన్‌జ్వైగ్ ఇంచుమించు అదే దారిని పోవుచు నిలిచినవాడు. అతడు 1913లో క్రైస్తవుడగుటకు నిశ్చయించుకొని, ఆ శరత్కాలమున ప్రాయశ్చిత్తదినపు ప్రార్థనకు బెర్లినులోని ఒక చిన్న ప్రార్థనాశాలకు పోయెను. తరువాత ఆ నిశ్చయమును మానుకొనెను. 1920లో ఫ్రాంక్‌ఫర్టునందు వయోజనులకు ఒక విద్యాశాల నెలకొల్పెను. ఆచారమునుండి దూరమైనవారు తమ దూరమునుండియే అడుగు వేయుచు లోనికి వచ్చుటకు అది ఏర్పడినది. ఫలానా విధిని నీవు పాటింతువా యని యడిగినచో, ఇంకను లేదని అతడు చెప్పెడివాడని ప్రసిద్ధి. పాటించుచున్నానను నటన అందు లేదు. పాటింపనను తిరస్కారమును లేదు. 1922నుండి వ్యాధిచే శరీరము చచ్చుబడి మాట పోయినను, భార్య సాయముతో 1929లో మరణించువఱకు ధర్మగ్రంథమును అనువదించుచునే యుండెను. దూరమైన బిడ్డ నోట ఇంకను లేదను మాట వచ్చినప్పుడు, దానిని తిరస్కారమని కాక ప్రయాణమని గ్రహించు పెద్దలుండవలెను.

నిలుకడకు గీటురాయి

ఒకడు నిలద్రొక్కుకొనుట మంచిదే. అయితే అట్లు నిలిచినవాడు ఇతరులను త్రోసివేసినచో ఆ నిలుకడకు విలువ యేమి? మీరు ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశిని బాధింపరాదను భావము తోరాలో 36 చోట్ల కలదని తాల్ముదు లెక్కించెను. వేఱొక లెక్క ప్రకారము 46 చోట్లు. మఱి యే విధికిని ఇన్నిసార్లు హెచ్చరిక లేదు. నిలువనీడ లేని దినములను గుర్తుంచుకొనుట గర్వమునకు కాదు, నేడు నీడ లేనివానిని గుర్తించుటకు.

ఈ విధి గ్రంథములో నుండుట వేఱు, చరిత్రలో నిలుచుట వేఱు. 1948లో ఇజ్రాయేలు రాజ్యమేర్పడి యూదులకు మరల దేశము దక్కెను. ఆ యుద్ధములోనే సుమారు ఏడు లక్షల పాలస్తీనా అరబ్బులు ఇండ్లు కోల్పోయి నిర్వాసితులైరి. రోజెన్‌జ్వైగుతో కలిసి ధర్మగ్రంథమును అనువదించిన మార్టిన్ బూబర్ మొదలైన యూదులు ఆ నేలపై ఇరుజాతులును సమానముగా నుండవలెనని వాదించిరి. వారి మాట నెగ్గలేదు. ఆ వివాదము నేటికిని రక్తము చిందించుచున్నది. భూమి దక్కుటతో నిలుకడ ప్రశ్న తీరిపోదని, అది మఱింత బరువైన ధర్మప్రశ్నగా మారునని దీనివలన తెలియుచున్నది.

కావున మారు కాలమున దేనిని పట్టుకొని నిలువవలెనను ప్రశ్నకు ఈ జాతి అనుభవము చెప్పు సమాధానము, ఫలానా వస్తువును పట్టుకొనుమని కాదు. కష్టపు కొలతను నిజముగా తెలిసికొని నేడే తోట నాటుట. అన్నియు దక్కనప్పుడు ప్రాణమున్న చిన్నదానిని కోరుట. పోయినదానికి ఇంటిలో ఒక మూల విడుచుట. వారమున కొన్ని గడియలైనను ఎవరికిని అమ్మని కాలముగా ఉంచుట. ఒంటరిగా నిలువజూడక పదిమందిలో నిలుచుట. నిలిచిన తరువాత తలుపు తెఱచియుంచుట. ఇవన్నియు చేయవలసిన పనులే. నిలుకడ దొరకునది కాదు, దినదినము చేసికొనవలసినది.

మోషే కోపముతో పగులగొట్టిన మొదటి శాసనపలకల తునుకలను ఏమి చేసిరని తాల్ముదు గురువులు విచారించిరి. వానిని పాఱవేయలేదనియు, రెండవసారి చెక్కిన అఖండమైన పలకలతోపాటు అదే మందసములో ఉంచి, పోయిన చోటికెల్ల రెంటిని కలిపియే మోసిరనియు వారి నిర్ణయము. జ్ఞాపకశక్తి సన్నగిల్లి చదివినది మఱచిన వృద్ధపండితుని గౌరవింపవలెననుటకు వారు దీనినే నిదర్శనముగా చూపిరి. విఱిగినదానిని విడువక, కొత్తగా చెక్కినదానిని కాదనక, రెంటిని ఒకే పెట్టెలో మోయగలిగిన కుటుంబము ఎంతటి మార్పులోనైనను దారి తప్పదు.